తలుపు మూస్తేనే జీతం

మంచు విడవక మా విమానం పొద్దుటి నుంచి కదలలేదు. కో-పైలట్ సీట్లో కూర్చుని, ఫోన్లో కెప్టెన్ గారికి శుభవార్త చెప్పాను.

“అందరూ ఎక్కేశారండీ! చీమ కూడా బయట మిగల్లేదు. తలుపు మూయించేశా.”

“అందరూనా?”

“చంటిపిల్లలతో సహా. ఒక్కరు తగ్గినా మీసం తీయించుకుంటా.”

“నీకు మీసమెక్కడిది? కిటికీలోంచి కిందకి చూడు.”

“ఎవరో పెద్దాయన చేతులు తెగ ఊపుతున్నాడండీ. పాపం, మనకి టాటా చెబుతున్నట్టున్నాడు.”

“ఆయన చెవి దగ్గర ఏముంది?”

“ఫోను... అయ్యబాబోయ్! మీరు కింద ఏం చేస్తున్నారండీ?”

“టైర్లు చూసొస్తానని చెప్పే దిగాను కదరా! నేను లేకుండా ఎవరు నడుపుతారు, మీ తాతా?”

“తాతకి చూపు ఆనదండీ.”

“వెధవ జోకులాపు. మంచు విడవకుండా తలుపెందుకు మూయించావ్?”

“ప్రయాణికులకి చలేస్తోందని...”

“నిజం చెప్పు.”

“తలుపు మూస్తేనే కదండీ మనకి జీతం మొదలయ్యేది! తెల్లారకముందు నుంచీ యూనిఫాం వేసుకుని కూర్చున్నాం. అదంతా ఊరికేనా? డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచీ ఇవ్వాలని మీరే అన్నారుగా!”

“యూనియన్ మీటింగులో అన్నాన్రా, నన్ను బయటికి తోసెయ్యమని అనలేదు! ముందు తలుపు తీయించు. చలికి కొయ్యబారిపోతున్నా.”

నేను వాచీ చూసుకున్నాను.

“ఏరా, వినబడుతోందా?”

“శుభ్రంగా వినబడుతోందండీ.”

“మరి తీయించవేం?”

“తిట్టనంటే చెప్తా. తలుపు తీస్తే నా జీతం మళ్ళీ ఆగిపోతుందండీ. అదే ఆలోచిస్తున్నా.”