ఇంటి మొహం

ఇంటి ముందు, ఉదయం. భర్త గేటుకి రంగు వేస్తున్నాడు, భార్య పూలకుండీలు సర్దుతోంది. గోడ అవతల పక్కింటి పిన్నిగారు.

"రంగు ఎలా కారిపోతోందో చూడండి. గేటుకి వేస్తున్నారా, నేలకి వేస్తున్నారా?"

"వేస్తున్నాగా."

"వేస్తున్నాగా అంటే అయిపోయిందా? తుప్పు గీకకుండా పైపైన పూస్తే రేపటికల్లా పెచ్చులు లేస్తుంది."

"లేస్తే లేచింది. ఇల్లు కొనేవాళ్ళొచ్చేది ఇవాళేగా."

"ఇదిగో, ఈ మాటలకే నాకు ఒళ్ళు మండేది. బ్రోకరు ఏమన్నాడు? ఇంటి మొహం చూసే లోపలికి రావాలా వద్దా అని తేల్చుకుంటారు, ముందు దాని మొహం కడగండి అన్నాడు. మీరేమో ముక్కు తుడిచి వదిలేస్తున్నారు."

"నువ్వు ఆ కుండీలు మెట్లకి అడ్డంగా పెట్టావు. మనిషి ఎలా ఎక్కుతాడు?"

"పక్కకి ఒదిగి ఎక్కుతాడు. అవి అక్కడే ఉండాలి. వెనకాల గోడకి నీటి మరక ఉంది."

"దానికి రెండుసార్లు రంగేశాను."

"వేసినా పైకి తేలుతోంది."

"తేలుతుంది మరి. నీళ్ళొచ్చిన చోట మరక తేలదా?"

"మెల్లగా! మెల్లగా అనండి. గోడవతల పిన్నిగారున్నారు. ఆవిడకి కావలసింది అదే."

"ఇక్కడే ఉన్నానమ్మాయ్. చెవులు కూడా నాతోపాటే ఉన్నాయి."

"తెలుసు పిన్నిగారూ. ఆ తడి దుప్పటి మా వైపు వేలాడేసినప్పుడే తెలిసింది. తీసేయండి దాన్ని. ఇల్లు చూడ్డానికి మనుషులొస్తున్నారు."

"ఎండ మీ వైపు వస్తే నేనేం చెయ్యను? గోడ ఇద్దరిదీ."

"చెత్తబుట్ట కూడా ఇద్దరిదేనా? నిన్న మీ గుమ్మం దగ్గరుంది, ఇవాళ మా గేటు పక్కకొచ్చింది. కాళ్ళు మొలిచాయా దానికి?"

"చెత్తబండివాడు అక్కడ పడేసి పోయాడు. వాణ్ణి అడుగు."

"వాణ్ణెందుకు, మిమ్మల్నే అడుగుతా. పోయిన నెల డాక్టరుగారి వాళ్ళు వచ్చారు. ఇల్లంతా తిరిగి నచ్చిందన్నారు, గేటు దాటాక మళ్ళీ ఫోనెత్తలేదు. తర్వాత ఆ టీచరమ్మా, వాళ్ళాయనా. మొన్న ఆ కొత్త జంట. అందరూ లోపల నవ్వుతూనే ఉన్నారు. బయటికొచ్చేసరికి మొహాలు మాడిపోయాయి. ఇక్కడెవరో వాళ్ళ చెవిలో ఏదో ఊదారు."

"ఎవరో అంటే? నేనా?"

"మీరు కాక గోడా?"

"అమ్మాయ్, నోరు జాగ్రత్త."

"వదిలెయ్. పని చూసుకుందాం."

"మీరాగండి! ఎప్పుడూ వదిలెయ్, వదిలెయ్. టీచరమ్మ బ్రోకరుతో అన్నదట, వాన పడితే ముందుగదిలోకి నీళ్ళొస్తాయటగా, మాకొద్దు అని. ఆ సంగతి ఈవిడకి కాక ఇంకెవరికి తెలుసు?"

"నేనెందుకు చెప్తానే? మీరిద్దరూ ఎప్పుడు ఖాళీ చేస్తారా అని కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నదాన్ని నేను. మీ పోట్లాటలు వినలేక పడకగది కిటికీకి మేకులు కొట్టించాను. ఆ డాక్టరుగారి భార్యతో ఏమన్నానో తెలుసా? ఇంత చల్లని ఇల్లు ఈ వీధిలో లేదు, ఇంత అన్యోన్యమైన మొగుడూపెళ్ళాలూ లేరు అన్నాను. మీ గురించి! నా జన్మలో అంత పెద్ద అబద్ధం ఆడలేదు."

"మరి ఎవరు చెప్పారు?"

"పిన్నిగారూ, లోపల మీ పాలు పొంగుతున్నట్టున్నాయి."

"నేనింకా పొయ్యే వెలిగించలేదబ్బాయ్."

"చెప్పండి పిన్నిగారూ. ఎవరు?"

"నువ్వు లోపల ఆడవాళ్ళకి వంటగది చూపిస్తుంటావు. మగవాళ్ళని గేటు దాకా తీసుకొచ్చి నిలబెట్టేది ఎవరు?"

"ఏంటీ?"

"నాకెందుకమ్మా మీ గొడవ! నా మీద పడ్డావు గనక అన్నాను. ఆ బ్రష్షు పట్టుకున్నాయన్ని అడుగు. ఇదిగో, దుప్పటి తీసుకుపోతున్నా. గోడంతా నువ్వే ఉంచుకో."

"ఏవండీ."

"ఊఁ."

"ఇటు చూడండి."

"రంగు ఆరిపోతుంది."

"ఆరనివ్వండి. మీరేనా?"

"ఏది నేనేనా?"

"ఏది అంటారా మళ్ళీ! వాళ్ళకి నీళ్ళ సంగతి చెప్పింది మీరేనా?"

"వస్తాయిగా నీళ్ళు. అబద్ధమా? రోడ్డు ఎత్తు చేసినప్పటి నుంచీ గట్టివాన పడితే చాలు, మడమల దాకా వస్తున్నాయి. రేపు ఎవరో చంటిపిల్లలతో దిగితే..."

"ఓహో, ధర్మరాజుగారు! మరి ఆ మరక మీద రెండుసార్లు రంగేసిన చెయ్యి ఎవరిది?"

"నువ్వు వెయ్యమన్నావు."

"వెయ్యమంటే వేస్తారు. నేనటు తిరగ్గానే బయటపెడతారు. నాతో మాత్రం ఒక్క ముక్క అనరు. మీ అన్నగారు వాళ్ళమ్మాయి పెళ్ళి భోజనాల దగ్గర, అంతమంది ముందూ, ఈవిడ వచ్చాకే మా తమ్ముడు మాకు కాకుండా పోయాడు అంటే ఏం చేశారు? తల వంచుకుని తింటూ కూర్చున్నారు. నేను లేచి వచ్చేస్తే వెనకాలైనా రాలేదు. అప్పుడు పెగలని గొంతు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర ఎలా పెగిలింది?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? ఇల్లు అమ్మేసి ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం అన్నాను. నీ ఇష్టం అన్నారు. మా అక్క వాళ్ళ ఊళ్ళో ఉద్యోగం దొరికిందన్నాను. మంచిది అన్నారు. మంచిదట! పక్కింటివాళ్ళకి చెప్పినట్టు."

"మరేమనాలి?"

"అదీ నేనే చెప్పాలా?"

"అరవకు. పిన్నిగారు వింటారు."

"విననివ్వండి! మేకులు కొట్టుకున్నారుగా. చెప్పండి, ఎందుకు చెడగొడుతున్నారు?"

"ఇల్లు అమ్ముడుపోతే..."

"ఆఁ, పోతే?"

"పోతే నువ్వు వెళ్ళిపోతావు."

"ఏమన్నారు?"

"విన్నావుగా. అమ్ముడుపోనన్నాళ్ళూ ఇక్కడే ఉంటావు కదా అని. నాకు అడగడం రాదు."

"ఈ ముక్కకి ఇన్నాళ్ళా? మూడు కుటుంబాలని గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడిన మనిషికి, ఒకే కప్పు కింద ఉన్నదానితో మాట్లాడ్డానికి నోరు రాలేదా? అక్కకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పే ముందు కూడా మీ కుర్చీ పక్కనే నిలబడ్డాను. పేపరు తిప్పారు. గుర్తుందా?"

"గుర్తుంది."

"సిగ్గు లేదూ, గుర్తుందని చెప్పడానికి!"

"బ్రోకరుకి చెప్పేస్తా. ఇవాళ ఎవర్నీ తీసుకురావద్దంటా. అసలు అమ్మడం లేదంటా."

"మీరు? మీ నోటితో?"

"నా నోటితోనే."

"నమ్మమంటారా?"

"చెప్తానంటే చెప్తాను."

"అయితే ఎత్తండి. ఫోను మోగుతోంది. అతనే."

"చేతులకి రంగుంది. నువ్వెత్తు."

"అదీ మీ సంగతి! ఇంకా నయం, ఒక్క నిమిషం నిజమనుకున్నాను... హలో. ఆఁ, చెప్పండి. లేదు, ఇంకా ఆరలేదు... ఎవరూ?... అవునా. ఏమన్నారు?... అలా అన్నారా... ఊఁ. ఉంటాను."

"ఏంటట? ఇవాళ రావడం లేదా?"

"వచ్చే పని లేదు. మొన్నటి కొత్త జంట ఇల్లు ఖాయం చేసుకున్నారట. నీళ్ళొస్తాయని మొహం మీదే చెప్పిన ఇంటాయన ఇంకేదీ దాచి ఉండడని నమ్మకం కుదిరిందట."