మంగళవారం మాస్టారి పిల్లి

జర్మనీలోని కొలోన్, 2020 వేసవి. కొడుకుని చూసిపోదామని వచ్చి, విమానాలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయిన సుభద్ర, అతని బదులు ఆన్‌లైన్ క్లాసులకని లాప్‌టాప్ ముందు ఉంది. సృజన్ దుప్పట్లో ఉన్నాడు.

“మంగళవారం క్లాసు మాత్రం తీసెయ్యకురా. కావాలంటే గురువారం ఆయన్ని తీసేయ్. గోడకి చెబుతున్నట్టు చెబుతాడు.”

“అమ్మా, అది సీరియల్ కాదు. స్టాటిస్టిక్స్.”

“ఏదైతేనేం. ఆ మాస్టారి పిల్లి కడుపుతో ఉంది, ఇవాళో రేపో అన్నట్టుంది. ఇప్పుడు మానేస్తే ఎన్ని పుట్టాయో నాకెలా తెలుస్తుంది?”

“లిస్టులో నా పేరు కనపడాలని కూర్చోమన్నాను గానీ, నిన్ను చూడమన్లేదు.”

“కూర్చున్నాక చూడక కళ్ళు మూసుకుంటామా?”

“కెమెరా ఆన్ చెయ్యలేదు కదా?”

“ఉప్మా చల్లారిపోతోంది. లేచి తిను.”

“అమ్మా, కెమెరా.”

“జీడిపప్పు కూడా వేశాను.”

“సరే, విను. సబ్జెక్టులు సగానికి తగ్గించుకుంటున్నా. ఇక్కడ టైల్‌త్సైట్ అంటారు.”

“తగ్గించుకోవడమేంటి? పోయాయా?”

“పోలేదమ్మా. నేనే తగ్గించుకుంటున్నా. ఇక్కడ అది తప్పు కాదు.”

“మరి సర్టిఫికెట్టు పూర్తిదిస్తారా, సగం ఇస్తారా?”

“పూర్తిదే. లేటవుతుందంతే.”

“లేటయితే అయింది. అడగ్గానే ఇచ్చేస్తారా?”

“అబ్బే, కారణం చూపించాలి. చిన్నపిల్లలున్నా ఇస్తారు, ఉద్యోగం చేస్తున్నా ఇస్తారు. ఇంట్లో జబ్బుమనిషిని చూసుకుంటున్నా ఇస్తారు.”

“నీకు మూడూ లేవుగా.”

“ఉప్మా ఎక్కడ పెట్టావ్?”

“మాట మార్చకు. ఏ కారణం రాశావ్?”

“మూడోది రాశాను.”

“జబ్బెవరికి?”

“ఏదో మామూలుగా రాశానమ్మా. పట్టించుకోకు.”

“నాకా?”

“మంచం పట్టావని. కాస్తే.”

“మంచం పట్టానా? ఈ గదిలో ఉన్నదే ఒక్క మంచం. దాని మీద నువ్వున్నావ్. ఇంక నేనేం పట్టుకోను?”

“కాగితం మీద మాటమ్మా అది.”

“ఇంకేం రాశావ్?”

“లేవలేకపోతున్నావని. దగ్గర కూర్చుని నేనే తినిపిస్తున్నానని.”

“ఏం తినిపిస్తున్నావ్?”

“అది అడగలేదు వాళ్ళు.”

“అడిగితే ఉప్మా అని చెప్పు. వినేవాళ్ళు నమ్మేలా ఉండాలి.”

“వెటకారం వద్దమ్మా.”

“నీకే ఒంట్లో బాగోలేదని రాయచ్చుగా?”

“నాకేమైంది? బానే ఉన్నా.”

“బానే ఉన్నావా?”

“బానే ఉన్నాను. కాస్త నిద్ర సరిపోవట్లేదు.”

“పొద్దస్తమానం పడుకునే ఉంటావుగా.”

“పడుకుంటే నిద్ర రావాలని ఏముంది?”

“కర్టెన్ తియ్యనా?”

“వద్దు.”

“కొంచెం తీస్తాను.”

“వద్దన్నానా.”

“సరే సరే. అయితే అదంతా చదివి ఒప్పుకునేది ఎవరు?”

“మంగళవారం మాస్టారే. ఆయన సంతకం పెడితేనే. అందుకే ముందు ఆయన క్లాసు తీసేస్తానంటున్నా. ఆయనకి మొహం చూపించలేను.”

“అయ్యో.”

“అయ్యో ఏంటి?”

“ఏం లేదు.”

“అమ్మా. కెమెరా ఆన్ చేశావు కదా.”

“పిల్లి కోసంరా. పొద్దున నీకు కాస్త కునుకు పట్టినప్పుడు, ఒక్కసారి దగ్గరగా చూపించమన్నాను.”

“ఏ భాషలో?”

“క్యాట్, క్లోజప్, ప్లీజ్ అన్నాను. పాపం, ఎత్తుకుని మరీ చూపించాడు. క్లాసంతా చూశారు.”

“నువ్వెవరని అడగలేదా?”

“అడిగాడు. సృజన్ వాళ్ళమ్మనన్నాను. పిల్లిని కిందికి దింపేసి, మీరు మంచం దిగలేని స్థితిలో ఉన్నారు కదా అన్నాడు.”

“అయిపోయింది. వీసా కూడా పోతుంది.”

“అందరూ వెళ్ళేదాకా ఆగమన్నాడు. ఆగాను. నువ్వు రాసిందంతా నాకర్థమయ్యేలా ఇంగ్లీషులో చదివి వినిపించాడు.”

“అంటే ముందే తెలుసా నీకు? తెలిసే ఇందాకట్నుంచీ ఏమీ తెలియనట్టు అడుగుతున్నావా?”

“నీ నోటితో నువ్వే చెబుతావేమోనని చూశాను. ఒక్కసారైనా బాగోలేదంటావేమోనని.”

“ఆయనతో ఏం చెప్పావ్?”

“నాకొచ్చిన ఇంగ్లీషులోనే, మావాడు అబద్ధం రాయలేదండీ, పేర్లే తారుమారు చేశాడన్నాను. మంచం పట్టింది వాడు, తినిపిస్తున్నది నేను అన్నాను. ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టాడు నాన్నా.”