బంతి పట్టే సందు

యార్క్‌షైర్‌లో ఓ చిన్న ఊరు. ముసలి హిల్డా నడిపే క్రికెట్ సామాన్ల కొట్టు. రాబీ, అతని పదిహేనేళ్ల కూతురు ఫ్రేయా బల్ల ముందు నిలబడి ఉన్నారు.

"తల ఊపు ఫ్రేయా. ఇంకా గట్టిగా. చూశావా, తల అటు, హెల్మెట్ ఇటు. పనికిరాదు, తియ్యి."

"పెరిగే పిల్ల, హిల్డా గారూ. రెండేళ్లన్నా రావాలి కదా."

"బూట్లు కొంటున్నావా రాబీ? ఇదిగో, ఒక సైజు తక్కువ. గడ్డం కింద పట్టీ పెట్టుకో తల్లీ. ఇప్పుడు ఊపు."

"కదలట్లేదు. కానీ నాన్నా, ముఖం ముందున్న ఈ కమ్మీలు కళ్లకి అడ్డం. బంతి సరిగ్గా కనబడదు."

"విన్నారుగా? స్క్రూలు విప్పి కమ్మీలు కిందికి దించండి. మధ్యాహ్నం జిల్లా జట్టుకి ఎంపిక. బంతి కనబడకపోతే దీని ఏడాది కష్టం బూడిదపాలే."

"దించను."

"ఎందుకు దించరు? మన క్లబ్బులో అందరూ దించుకునేవాళ్లే."

"దించుకోనీ. నా కొట్లో కుదరదు. కొంటే ఇలాగే కొను, లేదా తలుపు అదిగో."

"ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వండి, నేనే..."

"చెయ్యి తియ్యి!"

"అసలు కోపం కమ్మీల మీద కాదులెండి. తొమ్మిదేళ్ల నుంచీ చూస్తున్నా. నేనెదురైతే వీధి దాటి అటు పోతారు. క్లబ్బులో అందరికీ టీ పోస్తారు, నాకు తప్ప."

"పిల్ల ముందు వద్దు."

"దానికి తెలీదా? బళ్లోనే అడిగారు, హిల్డా మొగుడి కన్ను తీసింది మీ నాన్నేనా అని. వేశాను. తల ఎత్తుకి లేచే బౌన్సర్, ఎవడైనా వేసేదే. ఆ రోజు నుంచి మళ్లీ బంతి పట్టలేదు. ఇంకేం చెయ్యమంటారు నన్ను?"

"ఫ్రేయా, బుట్టలోంచి ఓ బంతి తియ్యి. కమ్మీలకీ, పైన హెల్మెట్ అంచుకీ మధ్య సందులో పెట్టి నొక్కు. దూరుతోందా?"

"లేదు."

"కమ్మీలు రెండు స్క్రూ కన్నాలు కిందికి దించితే దూరుతుంది."

"మాట మార్చకండి, హిల్డా గారూ."

"మార్చట్లేదు. మా ఆయనా ఇలాగే అన్నాడు, బంతి కనబడట్లేదని. ఇదే బల్ల మీద, ఇదే స్క్రూడ్రైవర్‌తో, నేనే దించాను రాబీ. ఊరంతా నిన్ను అంటుంటే, నేనూ గొంతు కలిపాను."