ఉత్త నీళ్ళ సీసా చెప్పిన సాక్ష్యం

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టర్ గారికి, నాకు పాఠాలు చెప్పి, ఇవాళ నన్ను ఇంటికి పంపడానికి కూడా ఓపిగ్గా వచ్చిన మా గురువుగారికి, తోటి అధ్యాపకులకు, మా మంచు ప్రయోగశాల పిల్లలకు, మొదటి వరసలోంచి కోటు గుండీ సరిగ్గా పెట్టుకోమని సైగ చేస్తున్న నా భార్యకు నమస్కారం. (నవ్వులు)

ఇందాకట్నుంచి వక్తలందరూ నన్ను ఆకాశానికెత్తేశారు. ఆ మహానుభావుడెవరో ఒకసారి చూడాలని నాకూ అనిపించింది. సున్నాకి ఇరవై డిగ్రీల దిగువన ఉండే గదిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినా నా కోపం మాత్రం చల్లారలేదని ఒక్కరూ చెప్పలేదు. మర్యాదస్తులు. నేనే చెబుతాను.

రాళ్ళలో, దుమ్ములో ఉండే ఖనిజాలు మంచులో చిక్కుకుంటే ఏమవుతాయో చూడడం మా పని. మా అత్తగారు మాత్రం చివరిదాకా "మా అల్లుడుగారిది ఐసు వ్యాపారం" అనే చెప్పుకున్నారు. (నవ్వులు) ఈ పనిలో మాకొక పద్ధతుంది. ఖనిజం పొడి వేసిన సీసాలతో పాటు, ఏమీ వెయ్యని ఉత్త నీళ్ళ సీసా కూడా ఒకటి పెడతాం. దాన్నీ అలాగే కడుగుతాం, అదే ఫ్రీజర్లో ఉంచుతాం. చివర్లో అందులో ఇనుము కనిపిస్తే మన సీసాల్లోనో చేతుల్లోనో మురికి ఉన్నట్టు, కనిపించకపోతే మన పని శుభ్రంగా ఉన్నట్టు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు నేను చెప్పే మాట ఇదే: "ముందు ఉత్త నీళ్ళ సీసా చూడు, తర్వాతే నోరు తెరువు."

ఆ మాట తప్పినవాణ్ణి నేనే.

రెండేళ్ళ కిందట, పీహెచ్‌డీ అయిపోయి, పోస్ట్‌డాక్‌గా ఇంకా పరిశోధన చేద్దామని ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. ఎండాకాలంలో కూడా రెండు స్వెట్టర్లతో క్యాంటీన్లో కూర్చుంటుంది గనక అందరూ స్వెట్టరమ్మ అంటారు. తుప్పు పొడిని కొద్దిగా ఆమ్లం కలిపిన నీళ్ళలో వేసి, సగం సీసాలు ఊరికే చల్లగా ఉంచి, సగం గడ్డకట్టించింది. గడ్డకడితే ఏ మార్పైనా నెమ్మదిస్తుందనేది నా మొండి నమ్మకం. ఈ పిల్ల చూస్తే, గడ్డకట్టిన సీసాల్లోనే ఇనుము ఐదు రెట్లు ఎక్కువ కరిగిందంది.

బుధవారం సమావేశంలో, పదకొండు మంది ముందు, "సీసాలు కడగడం రాని చేతులకి డాక్టరేట్ ఎవరిచ్చారమ్మా?" అన్నాను. నోట్‌బుక్ తెరవబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. మా గాజు సామాను చూసుకునే సీసాలాయన, అదిగో కిటికీ పక్కన తలొంచుకు కూర్చున్నాడే, ఆయన "నేనే కడిగానండీ, శుభ్రంగానే కడిగాను" అంటే ఆయన నోరూ మూయించాను. ఆ ప్రయోగం మూలపడింది. వేరే పని అప్పజెప్తే ఆ అమ్మాయి ఎదురు చెప్పకుండా చేసుకుపోయింది.

పోయిన నెల గది ఖాళీ చేస్తుంటే, ఆ రోజు ఆ అమ్మాయి బల్ల మీదే వదిలేసి వెళ్తే నేను తీసి పడేసిన ఆ నోట్‌బుక్ నా అలమరాలోనే దొరికింది. నలభై మూడో పేజీలో, "ఉత్త నీళ్ళ సీసా: ఇనుము లేదు" అని రాసి, తారీఖు వేసి, కింద రెండు గీతలు గీసి ఉంది. నాకు చూపిద్దామనే గీసుకుంది కాబోలు. కాసిని మంచినీళ్ళివ్వండి.

సీసాలాయన్ని బతిమాలుకుని, ఇద్దరం కలిసి అదే ప్రయోగం మూడుసార్లు చేశాం. ఈసారి సీసాలు నేనే కడిగాను, రెండు పగలగొట్టాను కూడా. మూడుసార్లూ అదే ఐదు రెట్లు. నీరు గడ్డకట్టేటప్పుడు తనలోని ఆమ్లాన్ని పక్కకి నెట్టేస్తుంది, అదంతా మంచు పలుకుల మధ్య సన్నటి సందుల్లో, రద్దీ బస్సులో జనంలా, తుప్పు రేణువుల మీదకి తోసుకొచ్చి వాటిని కరిగిస్తుంది. బస్సు పోలిక నేను కలిపాను గానీ, మిగతాదంతా ఆ పిల్ల అదే పేజీలో రాసి పెట్టింది.

వెళ్ళి క్షమించమని అడిగాను. "పోనీలెండి సార్" అంది. మన దగ్గర మంచు, ఖనిజాల రసాయనం మీద మూడేళ్ళ పోస్ట్‌డాక్ అవకాశాలు రెండు వచ్చాయి కదమ్మా, దరఖాస్తు పెట్టావా అని అడిగితే, లేదు సార్, నెలాఖరుకి ఇక్కడ గడువైపోగానే నీటి పరీక్షల కంపెనీలో చేరిపోతున్నానంది. ఎందుకమ్మా అంటే నవ్వుతూనే, "నా చేతులు దీనికి పనికిరావని మీరే అన్నారు కదా సార్. అప్పట్నుంచి ఒక్కో సీసా ఆరేసిసార్లు కడుగుతున్నాను, అయినా నమ్మకం కుదరట్లేదు" అంది.

ఆ మాట విన్నప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. పరువు తీసింది పదకొండు మంది ముందు. క్షమాపణ నాలుగు గోడల మధ్య చెప్పి చేతులు దులుపుకుంటే ఎలా? అందుకే ఇంతమంది ముందు చెబుతున్నాను. అమ్మా స్వెట్టరమ్మా, నీ చేతుల్లో ఏ తప్పూ లేదు, ఉన్నదంతా నా నోట్లోనే. నన్ను క్షమించు తల్లీ.

ఎంపిక సంఘంలో నేను లేను, ఉండకూడదు కూడా. డైరెక్టర్ గారూ, కంగారు పడకండి, సిఫారసు చెయ్యట్లేదు. (నవ్వులు) జరిగింది జరిగినట్టు ఒక ఉత్తరం రాసి, సంతకం పెట్టి నీ బల్ల మీద ఉంచానమ్మా. వాడుకుంటావో చింపేస్తావో నీ ఇష్టం. ఆ అవకాశం నీకొస్తుందో రాదో నేను చెప్పలేను. అడగడం మాత్రం మానకు. దరఖాస్తు గడువు ఇవాళ ఆరింటికి, ఇప్పుడు నాలుగున్నర అయింది. సభ మధ్యలో లేచి వెళ్ళడం బాగుండదనుకుంటావేమో, ఇది నా సభ, నేను చెబుతున్నాను, వెళ్ళు.

(వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడు)

అటు చూడకండి బాబూ, ఆ పిల్లకి అసలే మొహమాటం. సీసాలాయనా, మీరెక్కడికి? ఓహో, కంప్యూటర్ గది తాళం మీ దగ్గరుందా? వెళ్ళండి, వెళ్ళండి. (చప్పట్లు)

నా కోపాన్ని ఇన్నేళ్ళు భరించిన మీ అందరికీ, ఇంటిదగ్గర ఇంకా భరించబోతున్న ఆవిడకీ కృతజ్ఞతలు. ఇవాళ ఇక్కణ్ణించి వెళ్ళిపోవాల్సింది నేనొక్కణ్ణే. సెలవు.