నాలుక ఉన్న పిన్ను

ఏంట్రా, మళ్ళీ జారిందా? ఆ రంగులేసే రోలరు కర్ర ఇలా తే, చూస్తాను. పొడుగు లాగేసి పైకెత్తితే సరిపోతుందా నాయనా, లోపలి గొట్టాన్ని తిప్పి బిగించాలి, బిగించాక నేలకి ఆనించి ఓసారి బరువు వేసి చూడాలి. ఆఁ... ఇప్పుడు చూడు, దిగుతుందేమో. నాకెలా తెలుసంటావేం, మీ తాతయ్య చెల్లెల్నిరా నేను! జోలపాట కన్నా ముందు ఇనప గొట్టాల చప్పుడు విన్న చెవులివి. నువ్వు పుట్టకముందే పోయాడు, ఆ ఫోటో తప్ప నీకేం తెలుసు పాపం. అందులో కోపంగా కనిపిస్తాడు గానీ, ఫోటో తీసినవాడు నవ్వొద్దన్నాడట, అదీ సంగతి. మహా నవ్వులమనిషి. కూర్చో, ఆ తడిగోడకి ఆనుకోకు. అది ఆరితే గానీ రెండో పూత వెయ్యలేవు, ఈలోగా నీకు పరుగెత్తే పనేముంది.

మీ తాతయ్యా, మా ఆయనా కలిసి జాకీలు అద్దెకిచ్చేవాళ్ళు. జాకీలంటే కార్లెత్తేవి కాదు, స్లాబు పోసేటప్పుడు కింద నిలబెడతారే, ఆ ఇనప కాళ్ళు. బయటో గొట్టం, లోపలో గొట్టం, లోపలిదానికి వరసగా బొక్కలు. కావలసినంత ఎత్తుకి లాగి, బొక్కలో పిన్ను అడ్డంగా దూర్చాలి. ఈ పక్కన దూరింది ఆ పక్కన బయటికి రావాలి. "సగంలో ఆగిందంటే అది తాళం కాదమ్మా, ముస్తాబు" అనేవాడు అన్నయ్య. కింద ఉన్నవాడు "పట్టిందా?" అని కేకేస్తాడు, పిన్ను దూర్చినవాడు "పట్టింది" అంటాడు. ఆ మాట వినపడితేనే తర్వాతి పని. అంతమంది ప్రాణాలు ఆ ఒక్క మాట మీద నిలబడేవిరా. మా ఆయనకి వాడు బావ, వాడికి ఈయన బావ. బావా అంటే బావా అని రోజంతా ఒకటే గోల. మా అత్తగారు విసుక్కునేది కూడా, "ఈ ఇంట్లో పెళ్ళి నీకూ వాడికా, నీకూ దీనికా" అని.

ఒక పాత ఇంట్లో దూలానికి చెద పట్టింది. కింద ఉన్న కొయ్యస్తంభం తీసేసి కొత్తది కట్టాలి. తీసేముందు పక్కన జాకీ పెట్టాలి కదా. అన్నయ్య స్టూలెక్కి పిన్ను దూరుస్తున్నాడు. మా ఆయన సుత్తి పట్టుకుని స్తంభం మొదట్లో కూర్చున్నాడు. వాకిట్లో కంకర మిషను, అది తిరుగుతుంటే పక్కమనిషి తుమ్మినా తెలీదు. ఈయన "పట్టిందా?" అన్నాడు. అన్నయ్య ఏదో అన్నాడు. ఈయన సుత్తితో ఒక్కటి వేశాడు, స్తంభం పడింది, జాకీ సర్రున లోపలికి దిగింది, దూలం వచ్చి ఈయన కాలి మీద పడింది. మోకాలి కింద ఇంక మిగలలేదు. అన్నయ్య ఏమన్నాడూ అంటే... వాడు చెప్పేది, "బొక్క తుప్పు పట్టింది, ఆగు బావా, అన్నాను" అని. చూశావా తెలుగు మాట ఎంత పని చేసిందో! తుప్పూ పట్టేదే, తాళమూ పట్టేదే. ముందు మాటా వెనక మాటా మిషను మింగేసి, నడిమి మాట ఒక్కటి వదిలితే ఏమవుతుంది?

అయితే నమ్మేవాళ్ళు ఎవరు? మా అత్తగారు ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అనేసింది. "చూసుకోకుండా పట్టిందన్నాడు, ఇప్పుడు తుప్పు కలుపుతున్నాడు. ఆ మనిషి నా గడప తొక్కితే నేను తొక్కను" అంది. తల్లి కడుపు మంట, ఆవిణ్ణి మాత్రం ఏమంటాం. అన్నయ్య జాకీల షెడ్డుకి వెళ్ళడం మానేశాడు. పనివాళ్ళు కూడా వాడు పిన్ను పెట్టిన జాకీ కింద మేం నిలబడం అన్నారట. ఆ పనిలో మాట పోతే మనిషి పోయినట్టే. ఇటు చూస్తే మొగుడు, అటు చూస్తే తోడబుట్టినవాడు, నా సంగతి అడక్కపోతే మేలు. దేవుడి గూటి ముందు కూర్చుని, స్వామీ, వాడేమన్నాడో విన్నవాడివి నువ్వొక్కడివే, ఎవరితోనైనా చెప్పించు తండ్రీ అని ఏడ్చేదాన్ని.

చెప్పించాడు. మా ఆయన కాస్త తేరుకోగానే మంచం చుట్టూ అందర్నీ పిలిపించాడు, అత్తగార్నీ, పనివాళ్ళనీ. "బావ తుప్పు పట్టిందన్నాడు. ఆగమని కూడా అన్నాడు. శుభ్రంగా విన్నాను. తొందరపడింది నేను. ఇంక ఈ ఊసు ఎవరైనా ఎత్తితే రెండోకాలితో తంతాను" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు ఎవరికీ. అత్తగారు చెంగు నోటికడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. అన్నయ్యని నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. వచ్చి, ఆ లేని కాలు ఉండాల్సిన చోట దుప్పటి మీద తల పెట్టుకుని పడిపోయాడు.

మర్నాడే షెడ్డు తాళం తీశాడు. ఏం చేశాడనుకున్నావు, పిన్నుకి నాలుక పెట్టాడు! పిన్ను కొసలో చిన్న ఇనప ముక్క, వెనక స్ప్రింగు, ముక్కకి ఎర్రరంగు. పిన్ను ఆ పక్కకి పూర్తిగా వస్తేనే ఆ నాలుక టక్కున బయటికి దూకుతుంది. ఎరుపు కనపడలేదంటే పిన్ను దిగలేదన్నమాటే. "మనిషి నాలుకని అడగొద్దు, దాని నాలుక చూడండి" అనేవాడు. పైగా షెడ్డులో పట్టింది అన్న మాటే నిషేధం. కూర్చుంది అనాలి. పనివాళ్ళు ఊరుకుంటారా? "అన్నా, జలుబు కూర్చుంది, రేపు రాను" అని ఒకడు. "రాత్రి నిద్ర కూర్చోలేదన్నా" అని ఇంకొకడు. ఓ ముసలి మేస్త్రీ అయితే "మా ఆవిడకి దయ్యం కూర్చుంది" అన్నాడట! అన్నయ్యా నవ్వేవాడు, నవ్వుతూనే మాట మాత్రం దిద్దేవాడు. మా అత్తగారు చివరి రోజుల్లో మంచాన పడితే మందు వాడి చేత్తో ఇస్తేనే మింగేది. అదీ చూశాను ఈ కళ్ళతో.

తర్వాత వాడూ పోయాడు. గుండె ఆగింది, షెడ్డులోనే. అందరం సాగనంపి వచ్చాం. మా ఆయన మంచం మీద కూర్చుని కొయ్యకాలి పట్టీలు విప్పుకుంటున్నాడు. నేను వంగి సాయం పడుతున్నాను. "ఏమే" అన్నాడు. ఏంటండీ అన్నాను. "ఆ రోజు నాకేం వినపడలేదే. ఆ మోతలో పెదాలు కదలడం చూశాను, అంతే" అన్నాడు. అదేంటండీ, తుప్పన్నాడని అందరి ముందూ చెప్పారుగా అన్నాను. కొయ్యకాలు తీసి గోడకి ఆనించాడు. అప్పుడన్నాడు, "అనే ఉంటాడు. మా బావ కదా. అనే ఉంటాడు."

ఆ... ఏంటలా చూస్తావు? లే, లే. చినుకులు పడుతున్నట్టున్నాయి, డాబా మీద బట్టలున్నాయి, తెచ్చిపెట్టు నాయనా.