నలభై బల్లల వరద

దిగువ ఊరు మునగకుండా డ్యాము గేట్లు మూసి ఉంచారు. మూడు రోజుల వాన నీరంతా జలాశయంలోనే పెరుగుతోంది. సాయంత్రానికి ఒడ్డునున్న క్యాంపు మైదానం మునిగిపోతుందని, అందర్నీ ఖాళీ చేయమన్నారు. చేపల వేటకొచ్చిన రస్ హోవెల్ మాత్రం తన ఇల్లులాంటి ట్రైలర్ బండిని కదపనన్నాడు. భార్యాపిల్లల్ని అందులోనే వదిలి, లవోన్ అనే ఆవిడ నడిపే చేపల ఎరల కొట్టులో కాఫీ తాగుతూ కూర్చున్నాడు.

ఆ కొట్టులోనే ఉన్నాడు, మైదానంలో ముప్పై ఏళ్లు గడ్డి కోసి రిటైరైన డెల్బర్ట్ టాకెట్. అతనికి కొత్త మనిషి కనబడితే నోరు ఊరుకోదు.

"పెద్ద వరదొచ్చిన ఏడు ఒక్క పిక్నిక్ బల్లని చెట్టుకి కట్టేసి పోదామని ఆగాను బాబూ. పక్కది చిన్నబుచ్చుకుంటుందని దాన్నీ కట్టాను. అలా నలభై బల్లలూ ఒకే తాడుకి కట్టి, కొస పళ్లతో పట్టుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పళ్లూడాయా?" అన్నాడు రస్.

"తాడూడింది. బల్లలన్నీ గేట్ల మీదకి బయల్దేరాయి. నేను పడవంత క్యాట్‌ఫిష్ ఎక్కి, దాని మీసాలే పగ్గాలుగా పట్టుకుని, వాటికంటే ముందు చేరాను. బల్లలన్నీ గేటుకి అడ్డంగా పేర్చి, వీపు ఆనించి, రెండ్రోజులు జలాశయాన్ని ఆపాను. ఇంజనీర్లు పైనుంచి శాండ్‌విచ్ దించితే, మస్టర్డ్ తక్కువైందని తిప్పి పంపించా."

రస్ పడీపడీ నవ్వి, ఇంకో కప్పు పోసుకుని, కాళ్లు చాపాడు. అది చూశాక డెల్బర్ట్‌కి తన కోత చేసిన పని తెలిసొచ్చింది. వరదంటే వీడికి వేడుకైపోయింది.

"ఆ రోజు పడవ నడిపింది నేను, డెల్బర్ట్," అంది లవోన్ మెల్లగా. "నువ్వు దొరికింది మరుగుదొడ్డి పైకప్పు మీద."

మామూలుగా అయితే ఇంకో కోత కోసి తప్పించుకునేవాడు. ఈసారి రస్ వైపు తిరిగాడు.

"నిజమే. నాకు ఈతే రాదు. నీళ్లు నెమ్మదిగా వస్తాయిలే అని పికప్‌లో కునుకు తీశాను. లేచేసరికి దారి లేదు. ఆరు గంటలు ఆ పైకప్పు రేకు పట్టుకుని, యాభై ఏళ్లవాణ్ణి, అమ్మా అని ఏడ్చాను. నాకోసం వచ్చి ఈవిడ మునిగిపోబోయింది."

రస్ కప్పు సగంలో వదిలేసి లేచాడు. డెల్బర్ట్ కూడా అతని వెంట వెళ్లాడు.

ట్రైలర్ గట్టెక్కేసరికి మైదానంలో నీళ్లు మోకాలి లోతుకొచ్చాయి. ఇద్దరు పిల్లలూ వెనక కిటికీలోంచి ఆ నీళ్లకేసే చూస్తున్నారు. తడిసి ముద్దయి తిరిగొచ్చిన డెల్బర్ట్‌ని, బండికి ట్రైలర్ తగిలించింది ఎవరని లవోన్ అడిగింది.

"రస్ వాళ్లావిడ," అన్నాడు డెల్బర్ట్. "నేను గొడుగు పట్టాను."