ఉప్పునేల మీద వెలుగు పరీక్ష: శ్రీమతి ఒరతై సీముయెన్ గారికి అభినందన

బౌద్ధ శకం 2536వ సంవత్సరం (క్రీ.శ. 1993) జూన్ ఒకటవ తేదీన శ్రీమతి ఒరతై సీముయెన్ గారు ఈశాన్య థాయ్‌లాండ్‌లో, ఉబోన్‌లోని మన ప్రయోగశాలలో సూక్ష్మజీవ పరీక్షకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఈ సెప్టెంబరు ముప్పయ్యవ తేదీన, అరవై నిండిన ప్రభుత్వోద్యోగులందరితో పాటు వారూ పదవీ విరమణ చేస్తున్నారు. మనకు బెంగగానే ఉంది. వారి ముఖంలోని నిశ్చింత చూస్తే మాత్రం ఆ బెంగ మన స్వార్థమేనేమో అనిపిస్తుంది.

నాట్లు మొదలయ్యాయంటే మన వైపు మట్టిజ్వరం మొదలైనట్టే. బురదలోని సూక్ష్మజీవి కాలి పగుళ్ల గుండా దేహంలో ప్రవేశిస్తుంది, మామూలు మందులకు లొంగదు. రోగి రక్తంలోంచి దానిని పోషకాలున్న గాజు పళ్లెంలో పెంచి గుర్తుపట్టేసరికి రోజులు గడిచిపోతాయి. ఒరతై గారు చాలా ఏళ్లు చేసింది ఆ పనే. ఫలితం చేరేలోపే రోగి దహన సంస్కారం ముగిసిన సందర్భాలు లేకపోలేదు. "మనం పంపుతున్నది రోగ నిర్ణయమా, సంతాప సందేశమా?" అని వారు నిండు సమావేశంలో పెద్దలను నిలదీశారు.

ఆ కసితోనే నలభై దాటాక మళ్లీ విద్యార్థిని అయ్యారు. కంటికి ఆనని బంగారు రేణువులు కలిసిన ఎర్రని ద్రవం, వెతుకుతున్న సూక్ష్మజీవి చుట్టూ ఆ రేణువులు మూగగానే, కాంతిలో నీలంగా కనిపిస్తుంది. గంటలో సంగతి తేలిపోతుంది. పరిశోధక బృందంతో కలిసి ఆ విధానాన్ని రూపొందించి, ఒక వానాకాలం సరిహద్దులోని చిన్న ఆసుపత్రికి తీసుకువెళ్లారు.

అక్కడ పరువు పోయినంత పనైంది. పెట్టిన ప్రతి పరీక్ష గొట్టమూ నీలమే! పోల్చి చూడడానికని రక్తమిచ్చిన మన డ్రైవరు ఖంసింగ్‌దీ నీలమే. "అక్కా, నాకూ రోగముందన్నమాట. మరి అన్నం తిని పోవచ్చా, ఇలాగే పోవాలా?" అన్నాడాయన. అందరూ నవ్వారు గానీ, లోపలి మంచం మీద బువఖం అనే రైతు స్త్రీ జ్వరంతో మాట పడిపోయి ఉంది. ఏ మందు ఎక్కించాలో తేల్చుకోలేక ఆ ఆసుపత్రి డాక్టర్ వీరయుత్ తలుపు దగ్గరే నిలబడ్డారు.

ఒరతై గారు గొట్టాలు కడిగిన కుళాయిలోని బావినీరు దోసిట పట్టి నాలుకకు తగిలించుకున్నారు. ఉప్పు! మనది ఉప్పునేల, బావులలో ఊరేదీ ఉప్పునీరే. వాననీరు జాడీలో దాచుకుని తాగడానికి, బావినీరు కడగడానికి అని మన ఇళ్లలో పుట్టినప్పటి నుంచీ నేర్చిన పొదుపు. వారు కూడా శుద్ధజలాన్ని ప్రాణంలా దాచి, గొట్టాలను బావినీటితో స్వహస్తాలతో కడిగారు. ఉప్పు సోకితే ఆ రేణువులు సూక్ష్మజీవి లేకున్నా గుమిగూడతాయని పాఠం చెప్పే మనిషి ఆమె! చదువు చదువే, అలవాటు అలవాటే.

శుద్ధజలంతో కడిగి మళ్లీ పరీక్షించగా ఖంసింగ్ గొట్టం ఎర్రగానే నిలిచింది. బువఖంది నీలమైంది.

"ఇందాకా నీలమేగా అక్కా. ఇప్పుడెలా నమ్మేది?" అని అడిగారు డాక్టరు.

"ఇందాకటి తప్పు నాది. ఎక్కడ జరిగిందో తెలిసింది, సరిచేశాను. రేపటిదాకా ఆగితే ఆవిడ దక్కదు. మట్టిజ్వరం మందే పెట్టండి, పూచీ నాది."

మందు పెట్టారు. అదే రక్తాన్ని పళ్లెంలో పెంచి చూసిన ఫలితం వచ్చేవరకు ఒరతై గారికి ముద్ద దిగలేదు. నిర్ణయం తప్పైతే ఆ ప్రాణానికి వారే బాధ్యులని అందరికీ తెలుసు. చివరికి డాక్టరు ఫోను చేశారు: "మీరన్నదే అక్కా. ఆవిడ లేచి జావ తాగింది. ఉప్పు తక్కువైందని మమ్మల్ని తిట్టింది కూడా." ఒరతై గారు "అమ్మయ్య" అని, చాలాసేపు ఏడ్చారు.

నేడు ఆ పరీక్ష మన ప్రాంతంలో ఎన్నో ఆసుపత్రులలో నిత్యకృత్యం. శ్రీమతి ఒరతై గారు సంపూర్ణారోగ్యంతో, మనుమల సందడి మధ్య, నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. జ్వరంతో వచ్చిన ఎందరి ఇళ్లలోనో "అమ్మయ్య" అనిపించిన ఆ తల్లి, ఇకనైనా వానాకాలమంతా కంటినిండా నిద్రపోవాలి.